మా చెల్లెకు ఏ చిరునామా చెప్పను?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మాది కరీంనగర్. పెళ్లయినప్పటి నుంచి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాను. పోయిన ఆదివారం మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసింది. తనకిప్పుడు ఆరో నెల, తొలిచూలు. "అక్కా, నీ కాన్పుకు గాలి కొట్టే తొట్టి తెప్పించుకున్నవ్ గదా, అసొంటిదే ఈడ ఆన్‌లైన్ల దొరుకుతున్నది. మా కింది అర్ర ఖాళీగనే ఉన్నది. ఇంట్లనే, నీళ్లల్లనే కందామనుకుంటున్న. ఏమేం కావాల్నో జెర రాసి పంపు" అన్నది.

వద్దన్నాను. ఎందుకు వద్దో అరగంట సేపు చెప్పాను. అంతా విని, "నీకైతే ఒక తీరు, నాకైతే ఒక తీరా అక్కా?" అని ఫోన్ పెట్టేసింది.

వారం రోజులుగా ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. దానికి జవాబు నా ఒక్కదాని దగ్గర లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

తను ఆసుపత్రి అంటే ఎందుకు భయపడుతోందో ముందు చెప్పాలి. మా అక్కచెల్లెళ్లు, వదినలు కలిపి గత పదేళ్లలో ఏడుగురికి కరీంనగర్‌లో కాన్పులయ్యాయి. ఆరుగురికి పెద్దాపరేషనే. ఒకామెకు బిడ్డ మెడకు పేగు చుట్టుకుందన్నారు. ఇంకొకామెకు ఉమ్మనీరు తగ్గిందన్నారు. మరొకామెకు మా పెద్దలే పంతులు గారితో ముహూర్తం పెట్టించి, పొద్దున ఆరూ నలభై అని కాగితం మీద రాయించుకుని వెళ్లి డాక్టరు చేతిలో పెట్టారు. అందులో ఆసుపత్రి తప్పు లేదు, తప్పు మాదే. మిగిలిన వాళ్లలో ఎవరికి ఆపరేషన్ నిజంగా అవసరమైందో, ఎవరికి కాలేదో ఈ రోజుకీ మాకు తెలియదు. మా చెల్లెను కుదురుగా ఉండనివ్వనిది ఆ తెలియకపోవడమే. ఎవరూ కూర్చోబెట్టి వివరించలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టారు.

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81 శాతం దాటింది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44 శాతం దాటింది. దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతం. మా కరీంనగర్ జిల్లా ఒక్కదానిలోనే 80 శాతం పైన. ఈ అంకెలు మీకు కొత్త కావు. కానీ తొలిచూలు ఆడపిల్ల వీటిని ఎలా చదువుకుంటుందో మీకు తెలియాలి. 'గడప తొక్కితే చాలు, కోస్తారు' అని చదువుకుంటుంది. అప్పుడే ఆన్‌లైన్‌లో తొట్టి కోసం వెతుకుతుంది.

ఇక నా సంగతి. రెండేళ్ల కిందట నాకు తొలి కాన్పు. ఇంట్లో, నీళ్లలో కనాలని నిర్ణయించుకున్నాను. ఇక్కడ కూడా అలా కోరుకునేవాళ్లు తక్కువే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంట్లో అయ్యే కాన్పులు నూటికి రెండో మూడో. కానీ ఆ కోరిక చెప్పినప్పుడు నన్నెవరూ కసురుకోలేదు. ముప్పై ఆరో వారంలో, కాన్పులు చేయడానికే శిక్షణ పొందిన మా మిడ్‌వైఫ్ ఇంటికి వచ్చింది. మెట్లు ఎంత ఇరుకో, అంబులెన్సు ఎక్కడ ఆగగలదో, ఫోన్ సిగ్నల్ ఏ గదిలో బాగుందో, కుళాయిలో నీళ్లు ఎంత జోరుగా వస్తాయో చూసుకుంది. ఆ తర్వాత సోఫాలో కూర్చుని ఒక కాగితం తీసుకుని లెక్కలు రాసింది.

ఇంగ్లండ్‌లో ఏ చిక్కులూ లేని దాదాపు 64 వేల మంది గర్భిణులను గమనించి 2011లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. 'బర్త్‌ప్లేస్' అంటారు దాన్ని. మా మిడ్‌వైఫ్ రాసిన అంకెలు అందులోవే. తొలి కాన్పు ఇంట్లో చేసుకుందామని మొదలుపెట్టిన వాళ్లలో నూటికి 45 మంది మధ్యలోనో, కాన్పు అయిన వెంటనేనో ఆసుపత్రికి మారారు. బిడ్డ చనిపోవడం, మెదడు దెబ్బతినడం, కాన్పులో ఎముక విరగడం లాంటి తీవ్రమైన సంగతులన్నీ కలిపి చూస్తే, తొలి కాన్పు ఇంట్లో అనుకున్నవాళ్లలో వెయ్యికి 9.3, డాక్టర్లుండే ఆసుపత్రి వార్డులో 5.3. రెండో బిడ్డో, మూడో బిడ్డో అయితే ఆ తేడా లేదు. "నీకిది మొదటి బిడ్డ. ఈ అంకె నీకు వర్తిస్తుంది. బాగా ఆలోచించుకో. ఆసుపత్రి ఆవరణలోనే మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పు గదులున్నాయి, అక్కడా తొట్టి ఉంది, అక్కడ తొలి కాన్పుకైనా ఈ తేడా కనబడలేదు" అని చెప్పి కాగితం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నా భర్త, నేను మూడు రోజులు ఆ కాగితం ముందు కూర్చున్నాం. చివరికి ఇల్లే అనుకున్నాం. ఆసుపత్రి మా ఇంటికి పావుగంట దూరం కాబట్టి అనుకోగలిగాం. అది సరైన నిర్ణయమేనా అని ఇప్పుడు అడిగితే, మళ్లీ అయితే ఆ ఆసుపత్రి ఆవరణలోని గదినే ఎంచుకునేదాన్నేమో అంటాను. అయినా ఆ రోజు నాకు నిజం మొత్తం తెలుసు. తెలిసే ఎంచుకున్నాను.

తొట్టి అద్దెకు తెచ్చుకున్నాం. దానికి లోపల పరిచే కొత్త ప్లాస్టిక్ పొర, కుళాయికి తగిలించే పైపు, నీళ్లు తోడేసే చిన్న మోటారు, నీటి వేడి చూసే థర్మామీటరు, కింద పరవడానికి టార్పాలిన్, పాత తువ్వాళ్లు, టార్చిలైటు. నీళ్లలో తేలే వాటిని తీసెయ్యడానికి ఒక చిన్న జాలి గరిటె కూడా. మా అమ్మ వీసా మీద వచ్చి ఉంది. ఆ సరంజామా అంతా చూసి, "పురుడు పోస్తున్నరా, పెండ్లి చేస్తున్నరా?" అన్నది. నీళ్లు ముందే నింపి పెట్టుకోవద్దని మిడ్‌వైఫ్ గట్టిగా చెప్పింది. 2014లో ఇంగ్లండ్‌లో ముందే నింపి, హీటరుతో వెచ్చగా ఉంచిన ఇంటి తొట్టిలో పుట్టిన బిడ్డకు లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి వల్ల తీవ్రమైన న్యుమోనియా వచ్చింది. అప్పటి నుంచి అలాంటి తొట్లు ఇళ్లలో వాడొద్దని ఇక్కడి ప్రజారోగ్య అధికారులు చెబుతున్నారు.

నొప్పులు సాయంత్రం మొదలయ్యాయి. రాత్రి పదకొండింటికి మిడ్‌వైఫ్ వచ్చి చూస్తే గర్భాశయ ముఖద్వారం అయిదు సెంటీమీటర్లు తెరుచుకుని ఉంది. తొట్టిలోకి దిగాను. ఆ క్షణం గురించి కాస్త చెప్పనివ్వండి, ఎందుకంటే నా చెల్లె కోరుతున్నది దాన్నే. నడుముకు కాపడం పెడితే ఎంత హాయి? ఒళ్లంతటికీ ఒక్కసారే కాపడం పెట్టినట్టయింది. బరువు పోయింది. నొప్పి వస్తూనే ఉంది, కానీ నన్ను నలిపెయ్యడం ఆపింది. మోకాళ్ల మీద వంగి తొట్టి అంచు పట్టుకుంటే అమ్మ వెనక నుంచి చెంబుతో నీళ్లు నడుము మీద పోసింది. తనను నలుగురు నర్సులు వెల్లకిలా పడుకోబెట్టి అరిచిన సంగతి చెబుతూ పోసింది. నేను పుట్టినప్పటి ఆ కథ అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రాత్రంతా మిడ్‌వైఫ్ పని ఆపలేదు. పావుగంటకోసారి, నొప్పి తగ్గగానే, నీళ్లలో పనిచేసే యంత్రంతో ఒక నిమిషం పాటు బిడ్డ గుండె చప్పుడు విన్నది. గంటకోసారి నా జ్వరం, నీటి వేడి చూసింది. నీళ్లు 37.5 డిగ్రీలు దాటకూడదు. దాటితే తల్లి ఒళ్లు వేడెక్కుతుంది, ఆ వేడికి బిడ్డ గుండె వేగం పెరుగుతుంది. రక్తం పోయినా, బిడ్డ లోపలే విరేచనం చేసి ఉమ్మనీరు పచ్చగా మారినా, గుండె చప్పుడులో తేడా వచ్చినా వెంటనే నన్ను నీళ్లలోంచి బయటికి తీస్తానని ముందే ఒప్పందం. ఆమె పెట్టెలో రక్తస్రావం ఆపే ఇంజెక్షను, బిడ్డ ఊపిరి తీసుకోకపోతే గాలి అందించే మాస్కు ఉన్నాయి. కాన్పు దగ్గరపడితే రెండో మిడ్‌వైఫ్ రావాలి, ఒకరు తల్లికి, ఒకరు బిడ్డకు.

తెల్లవారింది. నాలుగు గంటలు గడిచినా ఎనిమిది సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయాను. బయటికి రమ్మంది, నడిపించింది, మూత్రానికి పంపింది. ఉమ్మనీటి సంచికి చిల్లు పెట్టి ఇంకో రెండు గంటలు చూసింది. మార్పు లేదు. బిడ్డ గుండె బాగానే ఉంది, నేనే అలసిపోయాను. "ఇప్పుడు వెళదాం. ఇప్పుడైతే తొందర లేకుండా వెళ్లొచ్చు" అంది. అంబులెన్సు వచ్చింది. ఆమె నా పక్కనే కూర్చుంది. ఆసుపత్రిలో నొప్పులు పెంచే సెలైను, వెన్నులో మత్తు, చివరికి వాక్యూమ్. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక నా బిడ్డ పుట్టింది. ఆడపిల్ల.

నూటికి ఆ 45 మందిలో నేనొకదాన్ని. నేను ఓడిపోయినట్టు ఎవరూ మాట్లాడలేదు, నాకూ అనిపించలేదు. రాత్రంతా నొప్పి భరించగలిగేలా చేసిన నీళ్లు ఒక వైపు, అవసరమైన గంటలో అవసరమైన చోటికి చేర్చిన మనిషి ఒక వైపు. రెండూ నాకు దొరికాయి.

అమాత్యా, ఇప్పుడు అదే తొట్టిని మా చిన్నమ్మ కింది అర్రలో పెట్టి చూడండి. అయిదు వందల లీటర్లకు పైగా నీళ్లు కావాలి. అవి సంపులోంచి ట్యాంకుకెక్కి, ట్యాంకులోంచి దిగాలి. వేడి చెయ్యడానికి ఉన్నది పదిహేను లీటర్ల గీజరు. చన్నీళ్లతో కలుపుకున్నా పన్నెండుసార్లు కాగితే గానీ తొట్టి నిండదు, అప్పటికి మొదట పోసినవి చల్లారిపోతాయి. సరే, నీళ్లెలాగో పోసుకున్నారనుకుందాం. పావుగంటకోసారి గుండె చప్పుడు ఎవరు వింటారు? నీళ్లలో కలిసిపోయే రక్తం ఎంత పోయిందో ఏ కన్ను పోల్చుకుంటుంది? బిడ్డను వెంటనే, మెల్లగా, మొహం ముందుగా నీళ్లపైకి తేవాలి, మళ్లీ ముంచకూడదు, గట్టిగా లాగితే బొడ్డుతాడు తెగొచ్చు. అలా తెగితే బిగించే క్లిప్పు ఎవరి చేతిలో ఉంటుంది? తెల్లవారుజామున ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయిందని ఎవరికి తెలుస్తుంది?

2018లో తమిళనాడులోని తిరుప్పూరులో ఒక ఇల్లాలు వీడియోలు చూసి ఇంట్లో కనబోయి రక్తస్రావంతో చనిపోయింది. ఆ వార్త నేను చెల్లెకు పంపలేదు. ఆరో నెల మనిషిని భయపెట్టడం ఇష్టం లేకపోయింది. మీకు మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇంటి కాన్పు అంటే పాతకాలపు చల్లని తీరు అనుకునేవాళ్లకు మా నాయనమ్మ సంగతి చెప్పాలనిపిస్తుంది. తొమ్మిది కాన్పులు ఇంట్లోనే. మంత్రసాని చెయ్యి మంచిదనే అనేది. కానీ బొడ్డు కొడవలితో కోశారట. ఒక బిడ్డ ఏడో రోజున ధనుర్వాతంతో పోయింది. మరో ఇద్దరు పుట్టుకలోనే పోయారు. వాళ్లను ఎక్కడ పూడ్చారో పొలం గట్టు చూపించేది. నేను పైన చెప్పిన సర్వే నాటికే తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే అయ్యాయంటే, 102 వాహనం తల్లీబిడ్డలను ఇంటిదాకా దింపి వస్తోందంటే, దాని విలువ మా నాయనమ్మ బిడ్డలకు తెలుసు. ఆ గెలుపును వెనక్కి తిప్పమని నేను అడగను.

నేను అడుగుతున్నది ఆసుపత్రి లోపలి గది గురించి.

2017లో మన ప్రభుత్వం మిడ్‌వైఫ్‌లకు పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టినప్పుడు, తొలి జట్టుకు ఆ శిక్షణ దొరికింది మా కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనే. హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ అందులో చెయ్యి కలిపాయి. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. అంటే దారి వేసింది మనమే. సిజేరియన్లలో రాష్ట్రంలోనే ముందువరసలో ఉన్న జిల్లా, మిడ్‌వైఫ్‌లు మొదట తయారైన జిల్లా, రెండూ ఒక్కటే. మా చెల్లె ఆ ఊళ్లోనే పుట్టి పెరిగింది, అయినా మిడ్‌వైఫ్ అనే మనిషి ప్రభుత్వాసుపత్రిలో ఉంటుందని తనకు తెలియదు. నేను చెబితే, "మనూళ్లనా?" అన్నది.

మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పు గదులు ప్రతి జిల్లా మాతాశిశు ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటరుకు నాలుగడుగుల దూరంలో ఉండాలి. చిక్కులు లేని తొలిచూలు మనిషి నేరుగా అక్కడికే వెళ్లాలి. శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌ను ఆ గదిలోనే ఉంచాలి, వేరే వార్డులో నర్సు తక్కువైందని మార్చకూడదు. నర్సుల కొరత ఉన్నప్పుడు అది ఎంత కష్టమో నేను ఊహించగలను. ఇంగ్లండ్‌లోనూ మిడ్‌వైఫ్‌లు చాలకపోతే ఆ రాత్రి ఇంటికి రాలేమని, ఆసుపత్రికే రమ్మని నాకు ముందే చెప్పి ఉంచారు. కానీ ఇక్కడ మారేది చోటే. మనిషి ఎలాగూ ఉంటుంది.

ఆ గదుల్లో కనీసం ఒక తొట్టి పెట్టండి. ఇది డబ్బున్నవాళ్ల ముచ్చట అంటారని తెలుసు. హైదరాబాద్‌లో కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో నీళ్లలో కాన్పు చేస్తున్నారు కాబట్టి అలా కనబడుతుంది. ఆసుపత్రుల్లో ఈ తొట్లకు పేరు తెచ్చిన చోటు చూడండి. ఫ్రాన్స్‌లోని పితివియే అనే చిన్న పట్నంలో, ప్రభుత్వాసుపత్రిలో, మిషెల్ ఓదాన్ అనే సర్జన్ నొప్పి తగ్గడానికని తొట్టి పెట్టించాడు. కొందరు అందులోంచి లేవలేక అక్కడే కన్నారు. అలా పుట్టిన వంద మంది బిడ్డల గురించి 1983లో 'లాన్సెట్' పత్రికలో రాశాడు. వెన్నులో మత్తు ఇచ్చే డాక్టరు రాత్రిపూట దొరకని చోట, నొప్పికి వెచ్చని నీళ్ల కంటే చవకైన ఉపాయం ఏముంది?

నీళ్ల గురించి వైద్యులందరిదీ ఒకే మాట కాదని కూడా చెప్పాలి. నొప్పులు పడేటప్పుడు నీళ్లలో కూర్చోవడాన్ని చాలామంది ఒప్పుకుంటారు. బిడ్డ నీళ్లలోనే పుట్టడం దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం బిడ్డను బయటే కనమంటుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 73 వేల మంది వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనంలో మాత్రం నీళ్లలో పుట్టిన బిడ్డలకు అపాయం ఎక్కువని తేలలేదు, బొడ్డుతాడు తెగడం ఒక్కటే కాస్త ఎక్కువ. మన దగ్గర నొప్పుల వరకే తొట్టి వాడి, కాన్పు బయట చేయిస్తామన్నా నాకు అభ్యంతరం లేదు. ఆ నిర్ణయం మన డాక్టర్లు, మన మిడ్‌వైఫ్‌లు కూర్చుని చేయాలి.

ఇంకొకటి. ఏ ఆసుపత్రిలో తొలి కాన్పుల్లో ఎన్ని ఆపరేషన్లు అవుతున్నాయో, ప్రభుత్వానివీ ప్రైవేటువీ, ఊరివారీగా అందరికీ కనబడేలా పెట్టండి. మా మిడ్‌వైఫ్ నాకు కాగితం మీద రాసిచ్చినట్టు, మా చెల్లెకూ ఎవరో ఒకరు రాసివ్వాలి. లెక్క తెలిసిన మనిషి ముహూర్తం కాగితం పట్టుకుని వెళ్లే ముందు ఒకసారి ఆగుతుంది. డాక్టర్ల మీద కోపంతో అడగడం లేదు. పద్నాలుగు గంటలు ఒక తల్లి పక్కన కూర్చునే తీరిక లేని ఒంటరి డాక్టరమ్మకు, ఆ పద్నాలుగు గంటలు కూర్చునే మిడ్‌వైఫ్ తోడుంటే కత్తి తియ్యాల్సిన అవసరం ఎన్నిసార్లు తప్పుతుందో ఆమెకే తెలుస్తుంది.

మా అమ్మ నిన్న ఫోన్‌లో, "దాన్ని మాత్రం ఆ డబ్బా కొననియ్యకు" అన్నది. కొననివ్వను. కానీ వద్దు అని చెప్పి ఊరుకుంటే అది కొనకపోవచ్చు, భయం మాత్రం పోదు. భయంతోనే సంతకం పెడుతుంది.

తనకు నెలలు నిండేది శ్రావణంలో. ఈ ఆదివారం మళ్లీ ఫోన్ చేస్తానంది. కరీంనగర్‌లో మిడ్‌వైఫ్‌ల కాన్పు గది ఏ అంతస్తులో ఉందో, నొప్పులు మొదలైన రాత్రి పన్నెండింటికి తలుపు తడితే ఎవరు తీస్తారో, మా చిన్నమ్మను లోపలికి రానిస్తారో లేదో, గుండె చప్పుడు ఎన్ని నిమిషాలకోసారి వింటారో, ఇవి మీ శాఖ నుంచి ఎవరైనా నాకు చెప్పగలిగితే నేను తనకు చెబుతాను.

ఇట్లు,
కరీంనగర్ ఆడబిడ్డ,
లెస్టర్ నుంచి.